డబ్బా గొంతు

తోటివాళ్ళంతా ఆమెను చీపురు అని పిలిచేవారు. చాటుగా కాదు, ముఖం మీదే. ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఎగతాళికే పెట్టి ఉండవచ్చు. ఆమె మాత్రం దాన్ని బిరుదుగానే స్వీకరించింది. న్యాయవాదుల సంఘం గ్రంథాలయంలో వెనకవైపున్న కంప్యూటర్ల గది ఆమె అధీనంలో ఉండేది. యంత్రాలు పాతవే. అయినా ఆ గదిలో ఒక్క తీగ నేలమీద పాకేది కాదు, ఒక్క తెరమీద వేలిముద్ర కనిపించేది కాదు. సాయంత్రం కీబోర్డులన్నిటినీ బోర్లించి తట్టి, మెత్తని కుంచెతో మీటల సందుల్లోని దుమ్ము తీస్తే గానీ ఆమె చేతులు ఇంటిదారి పట్టేవి కావు.

అది జీతానికి చేసే పని. ప్రాణం పెట్టి చేసే పని వేరే ఉంది. కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ అనే వ్యవస్థను జనానికి ఉచితంగా అందించే ఒక చిన్న బృందంలో ఆమె సభ్యురాలు. ఎక్కడెక్కడివో ప్రోగ్రాములను తెచ్చి, ఒకదానితో ఒకటి పొసిగేలా కట్టి, ప్యాకేజీలుగా పంచడం ఆ బృందం పని. ప్రతి ప్యాకేజీకీ ఒక స్క్రిప్టు ఉంటుంది: ప్రోగ్రాము అసలు రాత, అంటే మూలం, ఎక్కడ దొరుకుతుంది, దానికి ఎక్కడెక్కడ అతుకులు వెయ్యాలి, ఏ వరుసలో కట్టాలి అని యంత్రానికి చెప్పే ఆజ్ఞాపత్రం. దాని నెత్తిమీద, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి పేరు. పదిమంది చేతులు పడి, పదేళ్ళు గడిచిన స్క్రిప్టు ఉమ్మడి కాపురంలోని అటకలా తయారవుతుంది. ఏది ఎవరిదో, ఎందుకు దాచారో చెప్పేవాళ్ళుండరు. పారెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాదు. ఆమెకు వచ్చేది. ఆమె ముట్టుకున్న స్క్రిప్టు సగానికి చిక్కి, చదివితే అరటిపండు వలిచినట్టు ఉండేది.

స్క్రిప్టులు రాసే విద్య ఆమెకు నేర్పింది మేనమామే. ఒకప్పుడు రేడియోలు బాగుచేసే దుకాణం నడిపి, రేడియోలు వినేవాళ్ళు కరువయ్యాక కంప్యూటర్ల వైపు మళ్ళిన మనిషి. బృందంలో ఆయనకు అతుకులాయన అని పేరు. పగిలిన గాజుబల్బు దగ్గర్నుంచి వంగిన మేకు దాకా ఆయన దేన్నీ పారెయ్యడు. స్క్రిప్టుల్లోనూ అదే తీరు: పాత అతుకు తియ్యడు, దానిమీద కొత్తది వేస్తాడు. ఎందుకు వేశాడో ఒక్క ముక్క రాయడు. కారణం రాయని తీర్పు ఎంత న్యాయమైనదైనా పై కోర్టులో నిలవదని ఆ గ్రంథాలయంలో ఏ పుస్తకం తెరిచినా చెబుతుంది. కానీ ఆయన ఆ గుమ్మం ఎక్కిన మనిషి కాదు.

ఒకనాడు అందరూ భోజనాల దగ్గర ఉండగా ఆయన నవ్వుతూ అన్నాడు: "మా అమ్మడి కంటికి ఇల్లంతా చెత్తే. ఏదో ఒక రోజు నన్నూ ఊడ్చి బయట పారబోస్తుంది, చూస్తూ ఉండండి."

"అటక మీద కూర్చుంటే అంతే మరి మావయ్యా!" అంది ఆమె కూడా నవ్వుతూనే.

అందరూ నవ్వారు. ఆ ఇద్దరికే ఆ మాట గొంతులో ముల్లులా దిగింది. ఆ తర్వాత నాలుగు వీధుల దూరంలో ఉంటూ కూడా వాళ్ళు పలకరించుకోవడం తగ్గించారు. కోపం కాదు, పంతం. కోపమైతే అరిచి తీర్చుకునేవారు.

కంప్యూటర్ల గదిలో కిటికీ పక్కనున్న యంత్రం ప్లీడరు గారిది. అంటే ఆయన సొంతం కాదు. ఆయన తప్ప ఇంకెవరూ దాని ముందు కూర్చోరు. చిన్నతనంలోనే చూపు పోయిన మనిషి. కేసు కట్టలను ఫైళ్ళుగా మార్చి ఆ యంత్రంలో పెడితే అది చదువుతుంది, ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటాడు. ఆ చదివే గొంతు మనిషి గొంతు కాదు. తగరపు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుంటుంది. ఆయన దానికి డబ్బా అని పేరు పెట్టాడు. "మా డబ్బాని లేపమ్మా, పొద్దెక్కింది" అంటూ లోపలికి వచ్చేవాడు. కూర్చోగానే వేగం పెంచే మీటను టకటకా నొక్కేవాడు. ఆ మీటమీది కూడిక గుర్తు ఏనాడో అరిగిపోయింది. ఆ వేగంలో డబ్బా చదివితే మామూలు చెవికి రేకుల కప్పుమీద వాన పడ్డట్టే వినిపిస్తుంది. ఆయన చెవికి మాత్రం ఏ అక్షరానికి ఆ అక్షరం విడివిడిగా అందేది. ఎదుటి పక్షం వాళ్ళు వాయిదా ముందురోజు లావుపాటి కట్టలు పడేసి ఆయన్ను ముంచాలని చూసేవారు. మర్నాడు ఆయన కోర్టులో ఫలానా పేజీ, ఫలానా పేరా అని చెబుతుంటే కళ్ళున్నవాళ్ళు కాగితాలు తిరగేసుకుంటూ వెనకబడేవారు.

డబ్బా గొంతును కట్టే స్క్రిప్టు మేనమామది.

దాన్ని శుభ్రం చెయ్యాలని ఆమెకు ఎప్పటినుంచో ఉంది. అసలు చదివే ప్రోగ్రాము ఒకటి. దానికి డబ్బా గొంతు వేరే ఎక్కడినుంచో తెచ్చి కలిపినది. ఆ గొంతును సరదాకు తయారుచేసిన మనిషి దాన్ని వదిలేసి ఏళ్ళయింది. కొత్త యంత్రాలలో అది కట్టుబడేందుకు మేనమామ వేసిన అతుకులు బొంతలా పేరుకున్నాయి. ఈలోగా అసలు ప్రోగ్రాముతోనే కొత్త గొంతు ఒకటి రావడం మొదలైంది. చల్లని గొంతు, పక్కన కూర్చుని కథ చెబుతున్నట్టే ఉంటుంది. ఇంత చక్కనిది ఉండగా ఆ గులకరాళ్ళెందుకు అనుకుంది ఆమె. ప్లీడరు గారికి మంచే జరుగుతుందని నమ్మింది. ఆ నమ్మకంలో కల్లాకపటం లేదు. ఆయన్ను ఒక్కమాట అడగాలని మాత్రం తోచలేదు. మేలు చేసేవాళ్ళకు సాధారణంగా తోచదు.

బృందంలో ఒక కట్టుబాటుంది. ఇంకొకరి స్క్రిప్టు మార్చదలచినవాళ్ళు పైన పేరున్న మనిషికి రాసి, ఒక వారం ఆగాలి. దానికి ఒక మినహాయింపు కూడా ఉంది: ఆ మనిషి రెండేళ్ళుగా దాన్ని తాకకపోతే అడగనక్కర్లేదు, పేరు సైతం తొలగించవచ్చు. మేనమామ తాకి రెండేళ్ళు దాటింది. నిబంధన అక్షరాలా ఆమె పక్షానే ఉంది. అయితే నిబంధన ఉన్నది కబురు అందని మనుషుల కోసం. నాలుగు వీధుల అవతల ఉన్న మేనమామ కోసం కాదు. అడిగితే వద్దంటాడని ఆమెకు తెలుసు. అందుకే అడగలేదు. అంతా అయ్యాక అద్దంలాంటి స్క్రిప్టును ఆయన ముందు పెడితే, ఆ భోజనాల నాటి మాటకు అదే సమాధానం అవుతుందనుకుంది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం కూర్చుని పని ముగించింది. డబ్బా మూలాన్ని పిలిచే వరుస పోయింది, దాని అతుకులు పోయాయి, ఎవరూ చదవలేని షరతులు పోయాయి. మేనమామ పేరు ఉన్నచోట తన పేరు చేరింది. ఖాళీ యంత్రంలో కట్టి చూసింది. ఒక్క హెచ్చరిక లేకుండా కట్టుబడింది. బృందంలోకి పంపగానే మెప్పులు వచ్చాయి. "చీపురు తగిలితే అటక కూడా హాలు అవుతుంది" అని ఎవరో రాశారు. మర్నాడు కిటికీ పక్క యంత్రంలో కొత్త ప్యాకేజీ పెట్టి, అలవాటు ప్రకారం పాతదాని నకలు కూడా తుడిచేసింది.

ప్లీడరు గారు హెడ్‌ఫోన్ పెట్టుకుని, కొత్త గొంతు వినబడగానే తల ఎత్తాడు.

"ఎవరమ్మా ఈవిడ?"

"కొత్త గొంతండీ. ఎలా ఉంది?"

"అబ్బో! ఈ గొంతుతో చదివితే ఉరిశిక్ష కూడా తియ్యగా ఉంటుంది తల్లీ."

ఆమె మురిసిపోయింది. ఆయన వేగం పెంచే మీటను టకటకా నొక్కాడు. కాసేపు విని తగ్గించాడు. మళ్ళీ పెంచాడు. ఇంకా తగ్గించాడు. ఆమె తన పనిలో పడిపోయింది గానీ, ఆ వెనక్కీ ముందుకీ నొక్కే చప్పుడు సాయంత్రం దాకా వినబడుతూనే ఉంది.

ఆయన మొహమాటస్తుడు. వారం పది రోజులు ఏమీ అనలేదు. పొద్దున్నే వచ్చి, తలుపు వేసేదాకా కూర్చుని, వెళ్తూ వెళ్తూ ఏదో వెతుక్కుంటున్నవాడిలా గుమ్మం దగ్గర ఆగేవాడు. చివరికి ఒకనాడు అడిగేశాడు.

"మన డబ్బా ఎక్కడికి వెళ్ళింది తల్లీ?"

"ఏమండీ, ఇది బాగాలేదా?"

"బాగుంది కాబట్టే చిక్కు. ఈవిడ నెమ్మదస్తురాలు. పరుగెత్తమంటే మాటలన్నీ మింగేస్తుంది. వెన్నపూసలో వేలు పెట్టినట్టుంటుంది, ఎక్కడా గట్టిగా తగలదు. డబ్బా అలా కాదు. దానిది కంకర. ఎంత పరుగెత్తించినా కాలికి రాయి తగులుతూనే ఉంటుంది." ఆయన నవ్వాడు. "మిల్లు వాళ్ళ కేసు వచ్చే సోమవారం. కట్ట రేపో ఎల్లుండో పడేస్తారు. అందుకని అడుగుతున్నా, ఏమనుకోకు."

మూతపడిన మిల్లులో పనివాళ్ళ కేసది. ఏడేళ్ళుగా ఆయనే నడుపుతున్నాడు. రుసుము తీసుకోవడం లేదని గ్రంథాలయంలో అందరికీ తెలుసు.

"ఓస్, అంతేనా! సాయంత్రానికల్లా తెచ్చి పెట్టేస్తానండీ" అంది ఆమె.

అలా అనడానికి ఆధారం ఉంది. స్క్రిప్టుల పాత రూపాలన్నీ బృందం దగ్గర భద్రంగా ఉంటాయి. ఏ నాటిదైనా వెనక్కి తెచ్చుకోవచ్చు. తెచ్చింది. పాత స్క్రిప్టు తన అతుకులతో సహా ప్రాణం పోసుకుంది. అయితే ఆజ్ఞాపత్రం ఉంటే చాలదు, ముడిసరుకు ఉండాలి. డబ్బా మూలం ఉండే వెబ్ చిరునామాకు వెళ్తే అక్కడ చెప్పుల దుకాణం ప్రకటన కనిపించింది. దాన్ని తయారుచేసిన మనిషికి రాస్తే, ఆ చిరునామాయే లేదని జవాబు వచ్చింది. బృందం మూలాలన్నిటికీ నకళ్ళు దాచుకునే గిడ్డంగి సర్వర్ ఒకటుంది. దాన్ని చూసుకునే స్నేహితురాలికి ఆమె ఫోన్ చేసింది.

"ఏమే చీపురూ, సూర్యుడు ఎటు పొడిచాడు? నువ్వు పాత సామాను అడుగుతున్నావా?"

"తర్వాత నవ్వుదువు గానీ, ఉందో లేదో చూసి చెప్పు."

కాసేపు అవతల మీటల చప్పుడు.

"లేదే. పోయిన వారం ఊడ్చాం, దానితో కట్టిన పాత ప్యాకేజీలతో సహా. నీ స్క్రిప్టు దాన్ని పిలవడం మానేసింది కదా. ఎవరూ పిలవని మూలాన్ని గిడ్డంగి ఉంచుకోదు."

"ఒక్క వారంలోనే ఊడ్చేస్తారా?"

"ఆ నియమం కావాలని సమావేశంలో బల్ల గుద్ది మరీ వాదించింది ఎవరమ్మా? చోటు దండగ, చెత్త కుప్ప అని ఉపన్యాసం ఇచ్చిందెవరు?"

వాదించింది తనే.

"మన దగ్గర్నుంచి నకలు తీసుకునే సర్వర్లు ఉన్నాయి కదా, వాటిలో..."

"అవి మన నీడలే. మనం తుడిస్తే అవీ తుడుస్తాయి. ఆ గొంతు పెట్టుకున్నవాళ్ళు మీ ప్లీడరు గారు తప్ప ఇంకెవరూ లేరు." స్నేహితురాలి గొంతులో ఎగతాళి పోయింది. "అతుకులాయన దగ్గర ఉండకుండా ఉంటుందా? ఆయన పాలపళ్ళు కూడా దాచుకునే రకం. మీ మావయ్యేగా, వెళ్ళి అడుగు."

ఆమె కూడా ఆ ధైర్యంతోనే ఉంది. నిజానికి స్క్రిప్టును ఊడ్చిననాడే ఆ ధైర్యం మనసులో ఓ మూల ఉంది: ఏది పోయినా మావయ్య దగ్గర ఉంటుంది. ఊడ్చేవాళ్ళు అంత నిర్భయంగా ఊడ్చేది, దాచేవాళ్ళు ఎక్కడో ఉన్నారన్న భరోసాతోనే.

తలుపు తీసి ఆమెను చూడగానే మేనమామ రెండడుగులు వెనక్కి వేసి చేతులు జోడించాడు.

"ఓహో, తమరా! రండి, దయచెయ్యండి. కుర్చీ మీద దుమ్ముంటుంది, తమకు పడదేమో."

"మావయ్యా, తిట్టాలనుంటే తిట్టు. తమరు గిమరు అనకు."

"అయ్యో, ఎంత మాట! పెద్ద పదవిలో ఉన్నారు. పైన పేరు మీదే కదా ఇప్పుడు."

"ముందు దాన్ని లోపలికి రానివ్వండి" అని వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "గుమ్మంలో నిలబెట్టి ఆ వేళాకోళమేమిటి?"

ముందుగది ఆమెకు చిన్నప్పటినుంచీ తెలిసినట్టే ఉంది. అరల నిండా పొట్ట విప్పిన రేడియోలు, సీసాల్లో మరలు, మేకుకు వేలాడే తీగల చుట్టలు. ఆమె కూర్చోకుండానే అసలు విషయం అడిగింది.

"డబ్బా గొంతు మూలం నీ దగ్గరుందా?"

ఆయన పకపకా నవ్వాడు. "పారబోసిన చెత్తకోసం చెత్తబండి వెనక పరుగెడుతున్నావా అమ్మడూ?" అన్నాడు. ఆమె ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది. "ఏం, గిడ్డంగిలో ఉంటుందిగా?"

"ఊడ్చేశారు."

"ఎవరు?"

"నేనే అనుకో."

ఆయన మెల్లగా మూలనున్న బల్ల వైపు తిరిగాడు. ఆయన కంప్యూటర్ ఉండే చోటది. అక్కడ కంప్యూటర్ లేదు. ఇల్లంతా ఉన్న దుమ్ములో అక్కడొక్కచోట నలుచదరంగా బల్ల రంగు కనబడుతోంది.

"ఆ రోజు నాకు కబురొచ్చింది" అన్నాడాయన. "యంత్రం పంపిన కబురు. 'మీ పేరు తొలగించబడింది' అని. నువ్వు ఫోన్ చేస్తావేమోనని సాయంత్రం దాకా చూశా. చెయ్యలేదు. పక్కింటమ్మాయి చదువుకోడానికి కంప్యూటర్ కావాలంటోంది కొన్నాళ్ళుగా. డిస్కు మొత్తం ఫార్మాట్ చేసి ఇచ్చేశా."

"నువ్వా? వంగిన మేకు కూడా పారెయ్యని నువ్వా?"

"ఆ ఒక్కరోజే చేతికి ఆ బుద్ధి పుట్టింది." ఆయన బల్లమీది ఆ నలుచదరాన్ని అరచేత్తో తడిమాడు. "గిడ్డంగిలో ఉందిగా అనుకున్నానమ్మా."

"నీ దగ్గర ఉంటుందిగా అనుకున్నాను మావయ్యా."

అత్తయ్య టీ తెచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, అక్కడ పెట్టి వెళ్ళింది.

"అంత అవసరమని స్క్రిప్టులో ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయేది?" అంది ఆమె. "ప్లీడరు గారి చెవికి ఇదే కావాలి, తియ్యొద్దు అని ఒక్క వరుస."

"ఆయన ఫోన్ చేసి అడిగితేనే ఆ గొంతు కలిపా. నేనున్నానుగా అనుకున్నా. అడిగితే చెప్పేవాణ్ణిగా."

ఇద్దరూ కలిసి పక్కింటికి వెళ్ళారు. ఆ అమ్మాయి పాపం తన పాఠాలు, సినిమాలు అన్నీ వేరే చోటికి మార్చుకుని యంత్రాన్ని వాళ్ళ చేతికిచ్చింది. రెండు రోజులు డిస్కును జల్లెడ పట్టారు. పాత ఫైళ్ళ ముక్కలు కొన్ని పైకి తేలాయి: ఒక రేడియో బొమ్మ, ఎవరికో రాసిన సగం జాబు. డబ్బా మూలం ఉన్నచోట ఒక సినిమా కూర్చుని ఉంది. మేనమామ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "నువ్వు నేర్పిందేనే, బాగానే శుభ్రం చేశాను" అన్నాడు. అది ఎత్తిపొడుపు కాదని ఆమెకు తెలిసింది. ఎత్తిపొడుపైతే బాగుండుననిపించింది.

ఎదుటి పక్షం కట్ట శుక్రవారం సాయంత్రం వచ్చింది. ఎప్పటికంటే లావుగా ఉంది. ఆమె ప్లీడరు గారి పక్కన నిలబడి, దాచకుండా అంతా చెప్పింది: డబ్బా ఇక రాదనీ, తన చేతులారా పోగొట్టాననీ. ఆయన హెడ్‌ఫోన్ తీగను వేలికి చుట్టుకుంటూ విన్నాడు.

"నన్నొకమాట అడిగుంటే బాగుండేది తల్లీ" అన్నాడు. అంతే. ఇంకొక్క మాట అదనంగా అన్నా ఆమెకు కాస్త తేలికయ్యేది.

శని, ఆదివారాలు గది తెరిచే ఉంచింది. ఆ చల్లని గొంతు తాపీగా కథ చెబుతున్నట్టు చదివింది. ఆదివారం చీకటి పడేసరికి కట్టలో మూడోవంతు కూడా పూర్తికాలేదు. నేను చదువుతానండీ అని ఆమె ముందుకొస్తే, "మనిషి గొంతు ఇంకా నెమ్మదమ్మా" అన్నాడు. సోమవారం వాయిదా పొడిగించమని కోరాడు. ఏడేళ్ళ పాత కేసు, ఇక పొడిగింపు కుదరదన్నారు. అరకొరగా చదివి ఆ పనివాళ్ళ పక్షాన నిలబడడం అన్యాయమని ఆయన వకాలతు వదులుకుని, కట్టను ఇంకో ప్లీడరు చేతిలో పెట్టాడు. ఆ ప్లీడరుకు కళ్ళున్నాయి, తీరిక లేదు. నెల తిరక్కుండానే కేసు రాజీతో ముగిసింది. వాళ్ళు అడిగినదాంట్లో సగానికి. ఈయన చేతిలోనే ఉంటే ఎక్కువ వచ్చేదా అంటే, ఎవరూ చెప్పలేరు. ఆ ప్రశ్నకు విచారణ లేదు, తీర్పు లేదు. తీర్పు లేని ప్రశ్నకు శిక్ష కూడా పూర్తికాదు.

బృందంలో ఎవరూ ఆమెను తప్పుపట్టలేదు. అంతా నిబంధన ప్రకారమే జరిగింది. ఆ మినహాయింపును తీసెయ్యమని ఆమె సమావేశంలో వాదించింది, ఓడిపోయింది. స్క్రిప్టు పైన మేనమామ పేరు తిరిగి పెట్టబోతే ఆయన వద్దన్నాడు. "లేని సామానుకు కాపలా ఎందుకు అమ్మడూ? నీ పేరే ఉండనీ" అన్నాడు. ఇప్పుడు ఆమె ఏ స్క్రిప్టు తెరిచినా, అర్థంకాని వరుస కనిపిస్తే దాన్ని రాసిన మనిషిని వెతికి రాస్తుంది, జవాబు కోసం వారం కాదు, నెలైనా ఆగుతుంది. జవాబు రాకపోతే ఆ వరుస జోలికి వెళ్ళదు. చీపురు అరిగిపోయిందని గిడ్డంగి స్నేహితురాలు ఏడిపిస్తుంది. మేనమామకు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "మావయ్యా, ఇదెందుకు వేశావు?" అని అడుగుతుంది. ఆయన చెబుతాడు. కొన్నిటికి ఆయనకూ గుర్తులేదు.

ప్లీడరు గారు ఇప్పటికీ వస్తాడు. పొద్దున్నే, మునుపటిలాగే. డబ్బాను లేపమనడు, "ఆవిడ ఉన్నారా?" అంటాడు. చిన్న చిన్న కేసులే ఒప్పుకుంటాడు. "డబ్బా నాతో పరుగెత్తేది. ఈవిడ నన్ను నడిపిస్తుంది. వయసు కూడా నడకకే వచ్చిందిలే" అని నవ్వుతాడు. ఆయన వయసు ఇంకా యాభై దాటలేదు.

సాయంత్రం ఆమె కీబోర్డులు బోర్లించి తట్టి, ఒక్కొక్కటే కుంచెతో దులుపుతుంది. కిటికీ పక్క యంత్రం దగ్గరకు వచ్చాక చెయ్యి నెమ్మదిస్తుంది. కూడిక గుర్తు అరిగిపోయిన ఆ మీటమీద, ఒకప్పుడు రోజంతా వేలు ఆడినచోట, సన్నటి దుమ్ముపొర పట్టింది. మిగిలిన మీటలన్నీ తుడిచి, దాన్ని మాత్రం వదిలేసి ఆమె దీపం ఆర్పుతుంది.